అమ్మమ్మ తాడు

అమ్మమ్మ పోయి ఏడు నెలలైంది. ఆమె గది సర్దేశాం. బట్టలు పంచిపెట్టాం, మందుల డబ్బా ఖాళీ చేశాం, పుస్తకాలు అమ్మ తీసుకుంది. తలుపు వెనక మేకుకు వేలాడే నీలం నైలాన్ తాడును మాత్రం ఎవరమూ ముట్టుకోలేదు. ముప్పై మీటర్ల తాడు, నా బొటనవేలంత లావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మేకుకి ఒక తాడు వేలాడుతూనే ఉంది. ఇప్పుడున్నది నాలుగోది. ఎండ తగిలితే నైలాన్ పెళుసెక్కుతుందని ఎప్పుడూ బయట వదిలేది కాదు.

నెలకోసారి ఆ తాడుని మంచం మీద కుప్పగా పోసుకుని, కళ్లు మూసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్య నుంచి జార్చుకుంటూ పోయేది. పోగు ఎక్కడైనా తెగినా, ఎక్కడైనా పలచబడినా వేళ్లు అక్కడ ఆగిపోయేవి. వెనక్కి వెళ్లి ఆ చోటుని మళ్లీ తడిమేది. కళ్లెందుకు మూసుకుంటావని అడిగాను ఒకసారి. "చూస్తుంటే రంగే కనిపిస్తుంది అమ్మడూ, పోగు తెలియదు" అంది.

ఈ తాడు గురించి రాయాలని కూర్చుంటే అమ్మమ్మ గురించే రాయాల్సి వస్తోంది. రాస్తాను.

ఆమె 1941లో పుట్టింది. తొందరగా పెళ్లి, ముగ్గురు పిల్లలు. నలభై ఏళ్లకు సైకిల్ నేర్చుకుంది, యాభై ఏడుకి ఈత, అరవై దాటాక కొండలు. ఇలా వరసగా చెబితే ఏదో మొండిధైర్యం ఉన్న మనిషిలా అనిపిస్తుంది. వీధిలో చాలామంది అలాగే అనుకునేవాళ్లు. "మామ్మగారికి భయమంటే ఏంటో తెలీదు" అని. నేను చూసిన అమ్మమ్మ వేరు. ఏ పనికైనా దిగేముందు ఆమె అంతగా లెక్కలు వేసుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఎంతమంది వెళ్తున్నాం, ఎన్ని గంటలు పడుతుంది, చీకటి ఎప్పుడు పడుతుంది, ఎవరికి మోకాలి నొప్పి ఉంది, తిరిగి రావడానికి ఎంత ఓపిక మిగలాలి. ఇవన్నీ ఒక రూళ్ల నోట్‌బుక్‌లో రాసుకునేది. అందులో అంకెలే ఎక్కువ. మాటలు తక్కువ.

ఆమె పర్సులో మడతలు పడి చిరుగుపట్టిన ఒక పేపర్ కటింగ్ ఉండేది. 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన జపాన్ ఆవిడ జుంకో తాబేయి ఫోటో అది. ఎవరెస్టు శిఖరం మీద అడుగుపెట్టిన మొదటి మహిళ ఆవిడే. అప్పటికి ఆవిడ వయసు 35, అమ్మమ్మకు 34. ఆవిడకీ ఇంట్లో చిన్న కూతురు. శిఖరానికి పన్నెండు రోజుల ముందు ఆవిడ పడుకున్న గుడారం మీద హిమపాతం విరుచుకుపడింది. మంచు కింద స్పృహ తప్పి ఉంటే షెర్పాలు బయటకు లాగారు. తర్వాత రెండు రోజులు సరిగ్గా నడవలేకపోయింది కూడా. అమ్మమ్మ ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. అయితే శిఖరం దగ్గర ఎప్పుడూ ఆగేది కాదు. గుడారంలోంచి ఆవిడని లాగిన చేతుల దగ్గర ఆగేది. "ఎవరో ఒకరు పట్టుకుని లాగారు కదా, అందుకే పన్నెండు రోజులకి పైకెళ్లింది" అనేది.

నాకు పదేళ్లప్పుడు, 1998 సెలవుల్లో, కుక్కపిల్లలొచ్చాయి. తల్లి కుక్కను ఏదో బండి గుద్దేసింది. నాలుగు పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి ఎవరో తెల్లవారుజామున మా గేటు దగ్గర వదిలి వెళ్లారు. కళ్లు కూడా తెరవలేదు. నేను పాలు పట్టేద్దామని గిన్నె పట్టుకుని పరిగెత్తాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక పిల్లని తీసి నా చెంపకి ఆనించింది. చల్లగా ఉంది. కుళాయి కింద కడిగిన గుడ్డలా చల్లగా.

"చల్లగా ఉన్నప్పుడు పాలు పడితే అరగవు. ముందు వెచ్చబడాలి."

వేడినీళ్ల సీసాకి రెండు వరసలు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక మూలన పెట్టింది. వేడెక్కువైతే పక్కకు జరిగేందుకు పిల్లలకి చోటుండాలని రెండో మూల ఖాళీగా వదిలింది. ఆ వయసు పిల్లలు వాటి ఒంటి వేడిని అవి నిలుపుకోలేవు. గంటకి పైగా పట్టింది వెచ్చబడడానికి. ఈలోపు పశువుల డాక్టరు గారిని అడిగి పాలపొడి తెప్పించింది. ఆవుపాలు కుక్కపిల్లలకి చాలవట, తల్లికుక్క పాలలో కొవ్వూ మాంసకృత్తులూ వాటికంటే బాగా ఎక్కువట. సీసా పట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టనిచ్చేది కాదు. మనం పసిపిల్లలకి పట్టినట్టు పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. తల్లి దగ్గర తాగినట్టే బోర్లా ఉండాలి, ముందుకాళ్లతో దేన్నో ఒకదాన్ని తోస్తూ ఉండాలి. అందుకని తన అరచేతిని వాటి పాదాల ముందు పెట్టేది. అవి ఆ అరచేతిని తోసుకుంటూ తాగేవి.

ఆ తర్వాతి పనే నాకు బాగా గుర్తు. పాలు తాగాక గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో ఒక్కో పిల్ల పొట్ట కింద మెల్లగా రాసేది. అలా రాస్తేనే అవి ఉచ్చ పోస్తాయి. తల్లి నాలుకతో నాకి చేయించే పని అది. వాటంతట వాటికి రాదు. ప్రతి రెండు గంటలకీ ఇదంతా. రాత్రి కూడా. అలారం మోగినప్పుడల్లా లేచి చూస్తే అమ్మమ్మ అప్పటికే నేల మీద కూర్చుని ఉండేది, ఒళ్లో తువ్వాలు, వేళ్ల మధ్య దూది. నిద్రమొహంతో ఉన్నా ఆ చెయ్యి మాత్రం ఎంత మెత్తగా కదిలేదో. నాకు జ్వరమొచ్చినప్పుడు నుదురు తుడిచిన చెయ్యి కూడా అదే.

పొద్దున్నే వంటింటి తక్కెడలో తూచేవాళ్లం. నోట్‌బుక్‌లో నాలుగు వరసలు. మూడింటికి రోజూ అంకె పెరిగేది. నాలుగోదానికి రెండు రోజులు 240 దగ్గరే ఆగింది, మూడో రోజు 230. ఐదో రాత్రి పోయింది. అమ్మమ్మ ఆ వరస కింద ఒక గీత గీసి, రెండు గంటలు కాగానే మిగతా మూడింటికి పాలు కలిపింది. నేను ఏడుస్తుంటే కసరలేదు, ఊరుకోమనీ అనలేదు. సీసా నా చేతికిచ్చింది. పన్నెండో రోజు వాటి కళ్లు తెరుచుకున్నాయి. బూడిద కలిసిన నీలం రంగు. ఆ రంగు కొన్ని వారాలే ఉంటుంది.

ఆ మూడింటినీ మంచి ఇళ్లలో ఇచ్చింది. ఇచ్చాక నెలనెలా సైకిల్ మీద వెళ్లి చూసొచ్చేది. ఆ ఇళ్లవాళ్లకి మొదట్లో ఇబ్బందిగానే ఉండి ఉంటుంది.

అదే ఏడాది చివర్లో పక్కింటి అబ్బాయిని వీధికుక్క కరిచింది. ఎనిమిదేళ్లవాడు. పిక్క మీద రెండు పంటిగాట్లు. పెద్దగా రక్తం కూడా రాలేదు. ఇంట్లోవాళ్లు చిన్న గీతే కదా, రేపు చూద్దాం అనుకున్నారు. అమ్మమ్మ వాణ్ణి ఎత్తుకుని మా పెరటి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బు తీసుకుని, చేతి గడియారం విప్పి గట్టు మీద పెట్టింది. పదిహేను నిమిషాలు. వాడు ఏడుస్తున్నాడు, వాళ్లమ్మ "చాలు పిన్నిగారూ" అంటోంది, ఈమె గడియారం చూస్తూ కడుగుతూనే ఉంది. రేబిస్ క్రిమి గాయం నుంచి నరాల వెంట మెదడుకి పాకుతుంది, లక్షణాలు బయటపడ్డాక ఇక దాదాపు ఎవరూ బతకరు. మొదటి పదిహేను నిమిషాల కడుగుడూ, ఆ రోజే మొదలుపెట్టే టీకాలూ, చర్మం తెగితే గాయంలో వేసే సీరమూ, ఇవే మనిషిని కాపాడేవి. ఈ సంగతి ఆమెకి తెలుసు. వాణ్ణి సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. మొదటి చోట టీకా లేదు, మర్నాడు రమ్మన్నారు. అక్కడ ఒక్క మాట పెద్దగా అనకుండా సైకిల్ తిప్పి ఇంకో చోటికి వెళ్లి వేయించుకొచ్చింది. ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవయ్యెనిమిదో రోజు. వాళ్లింటి క్యాలెండర్‌లో తనే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. ఐదింటికీ తనే తీసుకెళ్లింది.

ఆ సాయంత్రం వీధిలో మగవాళ్లు నలుగురు కర్రలు పట్టుకుని కుక్క కోసం బయలుదేరారు. అమ్మమ్మ వాళ్లకి అడ్డంగా నిలబడింది. కరిచిన కుక్కని పదిరోజులు గమనించాలి, దానికి జబ్బుందో లేదో అప్పుడే తెలుస్తుంది, చంపేస్తే ఏం తెలుస్తుంది అని అడిగింది. తాడు తెచ్చి, ఎంత లాగినా బిగుసుకోని ముడి వేసి, ఆ కుక్కని తనే పట్టి మా పెరట్లో కట్టింది. పదో రోజు అది హాయిగా తోక ఊపుతోంది.

నాకు అమ్మమ్మ మీద ఉన్న గౌరవం అంతా ఆ తర్వాత ఆమె చేసిన పని వల్లే. అక్కడితో ఊరుకోలేదు. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకి టీకా వేయగలిగితే వాటి మధ్య రేబిస్ పాకడం ఆగిపోతుందని డాక్టరు గారు చెప్పారు. వెంటనే లెక్క మొదలుపెట్టింది. తెల్లవారుజామున నన్ను లేపుకుని వీధులు తిరిగేది. ఆ వేళకి ఏ కుక్క దాని చోటులోనే ముడుచుకుని పడుకుంటుంది, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం తక్కువ. నోట్‌బుక్‌లో "తోక తెగినది, మలుపు దగ్గర", "నల్లది, ఎడమ చెవి వాలింది", "పాలిచ్చే తల్లి, నీళ్ల ట్యాంకు కింద". మొత్తం 41. అంటే కనీసం 29కి వేయాలి. ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పోగేసింది. మొన్న కర్రలు పట్టుకున్న నలుగురిలో ఇద్దరు కూడా వచ్చారు. రెండు ఆదివారాల్లో 34 కుక్కలకి టీకాలు పడ్డాయి. ఏడాది ఏడాదికీ అదే పని. డెబ్బయ్యెనిమిదేళ్ల దాకా ఆ లెక్క తనే తీసింది.

బావి సంగతి వీధిలో అందరూ చెప్పుకుంటారు. ఎవరి నోట విన్నా అమ్మమ్మ బావిలోకి దిగి పిల్లిని కాపాడిందనే చెబుతారు. అది నిజం కాదు. నేను అక్కడే ఉన్నాను.

వాడకం మానేసిన పాత బావి అది. పిల్లి పడిపోయి, సగానికి పైన లోతులో రాతి అంచు మీద నిలబడి అరుస్తోంది. ఓ కుర్రాడు చొక్కా విప్పేసి దిగడానికి సిద్ధమైపోయాడు. అమ్మమ్మ తాడుకి లాంతరు కట్టి లోపలికి వదిలింది. పిల్లి ఉన్న అంచు దాకా దీపం బాగానే వెలిగింది. ఇంకో రెండు మూరలు దిగేసరికి మంట చిన్నదై, పసుపు రంగుకి తిరిగి, ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దింపింది. మళ్లీ అక్కడే ఆరింది. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు, పాత బావుల అడుగున పేరుకుంటుంది. దీపం ఆరిందంటే అక్కడ ఊపిరికి సరిపడా గాలి లేదు. దీపం వెలిగినా సరే విషవాయువులు లేవని కాదు, అది వేరే సంగతి. దిగినవాడు పడిపోతే వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పోతాడు. బావుల్లో మనుషులు పోయేది ఎక్కువగా ఇలాగే.

ఆ కుర్రాడికి రోషం వచ్చింది. "నాకేం కాదు మామ్మగారూ, అంచు దాకానే దిగుతాను" అన్నాడు. అమ్మమ్మ తాడు ఇవ్వలేదు. "కాలు జారితే అంచు దగ్గర ఆగవు నాయనా" అంది. వెదురు బుట్టలో పాత చీర మడత పెట్టి, దాన్ని పిల్లి పక్కకి దింపి, తాడు పైన కొయ్యకి కట్టి, బావి గట్టు మీద కూర్చుంది. అందరూ కాసేపు చూసి వెళ్లిపోయారు. నేను నిద్రొచ్చి ఇంటికి పోయాను. తెల్లారేసరికి ఆమె అక్కడే ఉంది, ఒంటికి దుప్పటి చుట్టుకుని, తాడు మీద ఒక వేలు ఆనించి. వెలుగొచ్చే వేళకి తాడు బిగిసిందట. పిల్లి బుట్టలోకి ఎక్కింది. అంగుళం అంగుళంగా పైకి లాగింది. అది బయటికొచ్చీ రాగానే ఆమె మణికట్టు గీరేసి పారిపోయింది. ఆ గీరుడుని కూడా సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, టీకాకి వెళ్లింది.

మర్నాడు మళ్లీ వెళ్లి, ఆ బావి మీద ఇనప జాలీ వేయించేదాకా ఇల్లు గలవాళ్లని వదల్లేదు.

ఆమెకి జేన్ గుడాల్ అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. 1960లో ఇరవయ్యారేళ్ల అమ్మాయి ఆఫ్రికాలో సరస్సు ఒడ్డునున్న గోంబే అడవికి వెళ్లి చింపాంజీల మధ్య కూర్చుంది, అవి పుల్లలతో చెదపురుగుల్ని బయటికి లాగి తినడం చూసి ప్రపంచానికి చెప్పింది. అందరికీ ఈ కథ తెలుసు. అమ్మమ్మకి నచ్చింది ఆవిడ తల్లి. ఒంటరి ఆడపిల్లని అడవిలోకి పంపడానికి అధికారులు ఒప్పుకోకపోతే తల్లి తోడెళ్లింది. వెళ్లి ఊరుకోకుండా అక్కడి జాలరివాళ్ల కోసం చిన్న వైద్యశాల పెట్టి మందులిచ్చింది. "కూతురు చింపాంజీల దగ్గర కూర్చోవాలంటే ఆ గట్టు మీద మనుషులు నమ్మాలి కదా. ఆ నమ్మకం తల్లి సంపాదించిపెట్టింది" అనేది అమ్మమ్మ. తను కూడా ఏ కొత్త చోటికి వెళ్లినా మందుల సంచి ఉండాల్సిందే.

ఈత గురించి ఎక్కువ రాయను. యాభై ఏడేళ్లకి నేర్చుకుంది, రెండేళ్ల తర్వాత వీధిలో ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. మొదటి పాఠం నీళ్లలో కాదు, ఒడ్డు మీద. మునిగిపోతున్న మనిషి కోసం ముందు కర్ర చాపు, తర్వాత తాడు విసురు, నీళ్లలోకి దూకడం చిట్టచివరి మాట. ఈ పాఠం వచ్చాకే నీళ్లలోకి దింపేది. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను.

ఇప్పుడు కొండ సంగతి. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

2007. ఆమెకి అరవయ్యారు, నాకు పందొమ్మిది. ఆరుగురు ఆడవాళ్లం కలిసి 4,200 మీటర్ల శిఖరానికి బయలుదేరాం. నాలుగు నెలల ముందు నుంచే అమ్మమ్మ ఎనిమిది కిలోల ఇసుక సంచి వీపుకి కట్టుకుని రోజూ మెట్లెక్కి దిగేది. మూడువేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఒక్కరోజులో ఐదొందల మీటర్లకంటే పైకి పోకూడదని, మధ్యలో ఒక రోజు ఆగాలని ప్లాన్ అంతా తనే వేసింది. అన్నీ సరిగ్గానే జరిగాయి. చివరి రోజు 3,900 దగ్గరున్నాం. ఆకాశం శుభ్రంగా ఉంది. శిఖరం కళ్లముందుంది. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

మాలో ఒకావిడకి పొద్దుటి నుంచీ తలనొప్పి. ఒకసారి వాంతి కూడా అయింది. "ఏం లేదు, నిద్ర సరిగ్గా పట్టలేదు, మీరు పదండి, నెమ్మదిగా వస్తాను" అంటోంది. అమ్మమ్మ చేతికర్రతో మట్టిలో పది అడుగుల గీత గీసింది. "దీని మీద నడువు తల్లీ. మడమకి బొటనవేలు తగిలేలా."

ఆవిడ నవ్వుతూ మొదలుపెట్టింది. మూడో అడుగుకి పక్కకి తూలింది. మళ్లీ గీత మీదకొచ్చి, నాలుగో అడుగుకి చేతులు చాపి కూర్చుండిపోయింది. ఆ ముఖంలో నవ్వు పోయింది.

ఎత్తులో తలనొప్పికి తోడు నడక తూలిందంటే మెదడు వాస్తోందని అనుమానించాలి. దానికి అసలు మందు కిందికి దిగడమే, తెల్లారేదాకా ఆగడానికి కూడా లేదు. అమ్మమ్మ ఎవరినీ అడగలేదు. "దిగుతున్నాం" అంది. ఇద్దరు ఆవిడతో దిగితే సరిపోతుంది కదా, మిగతా ముగ్గురం పైకి వెళ్లొస్తాం అన్నాను నేను. గట్టిగానే అన్నాను. ఇద్దరితో దిగుతుంటే వాళ్లలో ఒకరికి చీలమండ బెణికితే ఆవిడని ఎవరు పట్టుకుంటారు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఉన్నా ఒప్పుకునేదాన్ని కాదు. దిగేంతసేపూ ఆమెతో మాట్లాడలేదు. అంతకంటే సిగ్గుపడే విషయం, ఆ జబ్బుపడినావిడ ముఖం చూడలేదు.

తాడులో ఒక కొస ఆవిడ నడుముకి, రెండో కొస అమ్మమ్మ నడుముకి. ఆరొందల మీటర్లు దిగేసరికి సాయంత్రమైంది. ఆవిడ కాస్త తేరుకుని నీళ్లు అడిగింది. రాత్రికి గుడారాల మధ్య, టార్చి వెలుగులో, అమ్మమ్మ మళ్లీ గీత గీసింది. నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది. ఆవిడ నడిచింది. ఒక అడుగు, రెండు, ఐదు, ఎనిమిది. చివరిదాకా గీత దాటలేదు. అమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "చూశావా" అంది. అంతే. తర్వాత ఎప్పుడూ ఆ మాటెత్తలేదు.

మళ్లీ ఆ కొండకి వెళ్లడం మాకు కుదరలేదు. ఆమె పోయాక ఆ ఏడాది నోట్‌బుక్ వెతికి తీశాను. ఆ రోజు పేజీలో ఎత్తు, వేళ, వాతావరణం ఉన్నాయి. కింద రెండు వరసలు. "ఎక్కినవాళ్లు 6. దిగినవాళ్లు 6." రెండో ఆరు కింద రెండు గీతలు, పెన్ను గట్టిగా నొక్కి.

చివరి రెండేళ్లూ మోకాళ్లు సహకరించలేదు. వరండాలో కుర్చీలో కూర్చునే వీధిలో కుక్కల లెక్క అడిగేది. నేను ఫోన్‌లో ఫోటోలు తీసుకొచ్చి చూపిస్తే అద్దాలు పైకి తోసుకుని చూసి, "ఇది పాతదే, చెవి చూడు" అనేది. తాడు తడమడం మాత్రం మానలేదు. పోవడానికి పది రోజుల ముందు కూడా మంచం మీద పోయించుకుంది. చేతుల్లో పట్టు లేదు. సగం దాకా తను, సగం నేను. కళ్లు మూసుకోమంది. మూసుకున్నాను. నాకేమీ తెలియలేదు, "మళ్లీ మొదటి నుంచి" అంది.

పోయిన ఆదివారం గేటు చప్పుడైంది. పక్కింటి పాప, తొమ్మిదేళ్లది. అప్పుడు కుక్క కరిచిన అబ్బాయి కూతురు. వగరుస్తోంది. కాలవ కల్వర్టు కింద కుక్కపిల్ల ఇరుక్కుందట, మామ్మగారి తాడు కావాలట, నాన్న అడిగి తెమ్మన్నాడట.

మేకు మీంచి తాడు తీశాను. మంచం మీద పోసి, కళ్లు మూసుకుని, తడమడం మొదలుపెట్టాను. పాప కంగారుగా కాళ్లు కదుపుతోంది. పదిహేను మీటర్ల దగ్గర వేళ్లకి ఒక గరుకు తగిలింది. వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. పోగు తెగలేదు, పాత ముడి గుర్తు.

"ఎంతమంది ఉన్నారమ్మా అక్కడ?"

"నాన్న, ఇంకో అంకుల్."

"కాలవలో నీళ్లెంత ఉన్నాయి?"

"ఇంత" అని మోకాలు చూపించింది.

"పైన తాడు పట్టుకునేది ఎవరు?"

పాప ఆలోచించింది. తెలీదంది. నేను చెప్పులేసుకుని, టార్చీ తువ్వాలూ తీసుకుని, దాని వెంట బయలుదేరాను.